తిరుగు గాలి

తెల్ల ముద్దనూ నల్ల ముద్దనూ అరచేతిలో వేసుకొని బక్కయ్య బొటనవేలితో నలుపుతున్నాడు. నీళ్ల పైపుల జాయింట్లకు పెట్టే లప్పం అది. రెండూ కలిసి ఒకే బూడిదరంగుకు రావాలి. ఎక్కడైనా తెల్లచార మిగిలిందా, ఆ చోట గట్టిపడదు. చార పోయాక కూడా మరో వంద లెక్కపెట్టేదాకా నలిపాడు.

ముందు పరిచిన పాత పేపరు మీద మాస్కు ఉంది. ముక్కునూ నోటినీ కలిపి కప్పేది. నిద్రలో ఊపిరి ఆగిపోకుండా మిషను తోసే గాలి పొడుగాటి పైపులోంచి ఈ మాస్కులోకి వస్తుంది. పైపు వచ్చి మాస్కుకు తగులుకునే వంపు దగ్గర గుండుసూది మొనంత పొక్కలు, వరుసగా ఇరవై రెండు. పొద్దున మిషను నడిపి, తడిపిన చేతి వెనక్కు ఒక్కో చోట ఆనించి చూశాడు. ఆ పొక్కల దగ్గర చెయ్యి చల్లబడింది. సన్నగా, ఆగకుండా పోతోంది గాలి.

"దొరికినవురా దొంగ," అనుకున్నాడు.

చీపురుపుల్ల మొనతో లప్పాన్ని ఒక్కో పొక్కలో కూరి, తడివేలితో పైన నున్నగా రాస్తున్నాడు. ప్రేమమ్మ బియ్యం చాటతో గడప దగ్గర ఆగింది.

"ఏం జేస్తున్నవయ్యా? గది దవాఖాన సామాను."

"లీకు బంద్ చేస్తున్న."

"గా పొక్కలు తయారుచేసినోళ్లే పెట్టిండ్రు గద. ఊకెనే పెడ్తరా?"

"తయారుచేసినోళ్లు ఎన్నడన్న బాయి దిగిండ్రా? గాలి సంగతి నాకు చెప్తరా?"

ఆమె గడప మీదే కూర్చొని చాటలో రాళ్లు ఏరసాగింది. బెల్లంపల్లిలో బక్కయ్యకు గాలి సంగతి చెప్పగల మనుషులు నిజంగానే తక్కువ. బొగ్గుబావిలో అతనిది గాలి మేస్త్రి పని. ముప్పై ఒక్కేళ్లుగా అదే. భూమి కింద మైళ్ల కొద్దీ సాగే దారుల్లో గాలి తనకు నచ్చినట్టు పోతే పనిచేసే చోటికి చేరదు. పోకూడని దారికి అడ్డంగా ఇటుక గోడ కట్టాలి, మళ్లించాల్సిన చోట బ్రాటిస్ అనే మందపాటి గుడ్డ వేలాడదీయాలి. గోడ కట్టడం ఎవరికైనా వస్తుంది. గోడకూ కప్పుకూ మధ్య వెంట్రుక సందులోంచి పోయే గాలిని పట్టుకోవడమే పని. తడిచేయి ఆనించి, కళ్లు మూసుకొని, బక్కయ్య పట్టుకుంటాడు.

ఆ పని అతనికి నేర్పింది సాంబయ్య. మాట తక్కువ, చేయి దురుసు. పదవీ విరమణ అయిన రెండేళ్లకు ఒకరోజు నిద్రలోనే పోయాడు. పుణ్యాత్ముడు, నొప్పి తెలియకుండా పోయిండు అని కాలనీ అంతా అనుకున్నారు. సాంబయ్య గురక మూడు క్వార్టర్ల అవతలికి వినబడేదని నవ్వుకున్నారు కూడా. బక్కయ్య గురకా అంతే. ప్రేమమ్మను భయపెట్టింది మాత్రం గురక కాదు, అది ఆగిపోవడం. ఆగగానే వేళ్లు మడిచి లెక్కపెట్టేది. ఒక్కోసారి రెండు చేతులూ అయిపోయి మళ్లీ మొదటి చేతికి వచ్చేది. అప్పుడు భుజం మీద కొట్టేది.

పోయిన ఎండాకాలం బావి లోపల, సిమెంటు కలిపిన తట్ట పక్కన కూర్చొని, తాపీ చేతిలో ఉండగానే బక్కయ్య నిద్రపోయాడు. తాపీ రాయి మీద పడ్డ చప్పుడుకు షిఫ్టు చూసుకునే ఓవర్‌మన్ లక్ష్మీరాజం వచ్చి చూశాడు. లోపల నిద్రపోవడం చిన్న తప్పు కాదు. కాగితం రాస్తే కొలువు పోయేది. లక్ష్మీరాజం కాగితం రాయలేదు. బక్కయ్యకన్నా పద్దెనిమిదేళ్లు చిన్నవాడు, కొలువులో చేరిన కొత్తలో గాలి లెక్కలు బక్కయ్య వెనక నడిచి నేర్చుకున్నవాడు.

"అన్నా, కూసున్న కాడ నిద్రవోతున్నవంటె ఇది బద్ధకం గాదు, బీమారి. నడు దవాఖానకు."

కరీంనగర్‌లో ఒక రాత్రంతా ఒంటికి వైర్లు పెట్టి పరీక్ష చేశారు. గంటకు నలభై ఆరు సార్లు ఊపిరి ఆగుతోందన్నారు. డాక్టరమ్మ సూటిగా చెప్పింది. ఈ మిషను పెట్టుకోవాలి. మిషనులోని కార్డు రోజూ ఎన్ని గంటలు పెట్టుకున్నదీ, గాలి ఎంత లీకైందీ రాసుకుంటుంది. ఆ కార్డు బాగుంటేనే బావి దిగడానికి రాసిస్తాను, లేకపోతే లేదు. అప్పటిదాకా బక్కయ్యను పైన, బావి దిగేవాళ్లకు దీపాలిచ్చే ల్యాంపు రూములో వేశారు.

మరో మనిషైతే, పైన నీడపట్టున పని దొరికింది, చాలు అనుకునేవాడు. కానీ ఆ బావి మూతపడుతోంది. బొగ్గు అయిపోయింది. అట్టడుగు దారికి అడ్డంగా కట్టే ఆఖరి గోడ ఒక్కటే మిగిలింది. ఆ తర్వాత అటువైపు మనిషి పోడు. ఆ బావిలో ఉన్న గోడల్లో సగానికి పైగా బక్కయ్య చేతివే. ఆఖరిది గుత్తెదారు మనుషులు వచ్చి నాలుగు ఇటుకలు అతికించి పోవడం అతనికి మింగుడు పడలేదు. గోడ పని ఒకటో తారీఖున మొదలు. కార్డు చూసేది ఇరవై నాలుగున. చేతిలో ఉన్నవి పన్నెండు రోజులు.

అప్పటికే మాస్కు అతన్ని అరిగోస పెట్టింది. మంచిర్యాల దుకాణం నుంచి మిషను తెచ్చిన రాజ్‌కుమార్ అనే పిల్లగాడు కుర్చీలో కూర్చోబెట్టి, మిషను ఆపివుండగానే మాస్కు తగిలించి, పట్టీలు సరిచేసి, "ఇగో కాకా, తెర మీద ఎర్రమొఖం వస్తె లీకున్నట్టు, పచ్చమొఖం వస్తె మంచిగున్నట్టు. లీకు రావద్దు, గంతే," అని అయిదు నిమిషాల్లో మోటార్‌సైకిలెక్కాడు.

రోజూ ఎర్రమొఖమే వచ్చింది. పడుకోగానే మాస్కు అంచు పక్కకు జరిగి గాలి కళ్లలోకి కొట్టేది. తెల్లారేసరికి కళ్లు చింతనిప్పులు. ఒక్కోసారి పెదవి పక్కనుంచి బర్రుమని చప్పుడొచ్చేది. "బర్రె తుమ్మినట్టున్నదయ్యా," అనేది ప్రేమమ్మ. బక్కయ్య పట్టీలు బిగించాడు. బావిలో ప్రమాదం వస్తే వాడే ముక్కుమూతి సామాను గురించి ప్రతి ఏడూ శిక్షణలో చెప్పే మాట ఒకటే: సందు ఉంటే చస్తావ్, బిగించు. ఆ లెక్కనే బిగించాడు. ముక్కు దూలం మీద తోలు లేచి పుండైంది. పుండుకు ప్రేమమ్మ కొబ్బరినూనె రాసింది. నూనెకు మాస్కు మరింత జారింది. ఇంకా బిగించాడు. ఎర్రమొఖం మారలేదు.

అందుకే ఇప్పుడు ఈ లప్పం. ఇరవై రెండో పొక్క మూసి, ఎండలో పెట్టి, చేతులు కడుక్కున్నాడు.

మర్నాడు పొద్దున తెర మీద పచ్చమొఖం నవ్వుతోంది. బక్కయ్య ప్రేమమ్మను పిలిచి మరీ చూపించాడు.

"చూసినవా? మేస్త్రి చెయ్యి పడ్డది."

"చెయ్యి సంగతేమో గని, నీ మొఖమేంది గిట్ల ఉబ్బింది?" అంది ప్రేమమ్మ.

తల పగిలిపోతోందని అతను చెప్పలేదు. టీతో ఒక గోలి మింగి డ్యూటీకి పోయాడు. రెండో రోజూ పచ్చమొఖమే. రెండో రోజూ నొప్పి, ఇంకా ఎక్కువగా. ఏడు గంటలు పడుకుని లేచినా మనిషి తేలిక పడలేదు. మూడో రోజు ల్యాంపు రూము కిటికీ దగ్గర నూట పద్నాలుగో నంబరు ల్యాంపు నూట నలభై ఒకటో నంబరు మనిషికి ఇచ్చాడు. ఎవరు లోపల ఉన్నారో, ఎవరు పైకొచ్చారో ఆ నంబర్లతోనే తెలుస్తుంది. లక్ష్మీరాజం చూశాడు కాబట్టి సరిపోయింది.

"అన్నా, ఏమైంది? కండ్లు తెరిచే ఉన్నయా?"

"కార్డు పచ్చగ వస్తుంది సార్. మూడు రోజులాయె."

"పచ్చగ వస్తె నువ్వెందుకు గింత పరేషాన్ కొడుతున్నవ్?"

లక్ష్మీరాజం పోయాడు. బక్కయ్య బెంచీ మీద కూర్చొని కణతలు పట్టుకున్నాడు. రెండు కణతల నుంచీ పట్టీలా వెనక్కి పోయి మెడ దగ్గర ముడిపడే నొప్పి. చెవుల్లో వేడి. గుండె ఊరికే దడదడ. ఈ నొప్పి అతనికి కొత్త కాదు. ఎక్కడిదో గుర్తుకు రావడానికి కొంతసేపు పట్టింది. గుర్తుకు రాగానే లేచి నిలబడ్డాడు.

కొలువులో చేరిన ఏడాది. ఇరవై నాలుగేళ్ల వయసు. సాంబయ్య ఒక దారిలో గోడలన్నీ చూసి రమ్మని పంపించాడు. ఒక గోడలో జానెడు కిటికీ, దాంట్లోంచి గాలి బుసకొడుతూ పోతోంది. ఇంత పెద్ద లీకు ఎవరూ చూడలేదే అని మురిసిపోయి, ఇటుకలు పెట్టి శుభ్రంగా మూసేశాడు. గంట గడవకముందే లోపల పనిచేస్తున్న ఆరుగురికీ ఇదే నొప్పి, బక్కయ్యకు కూడా. ఒకడు కూలబడ్డాడు. సాంబయ్య పరుగెత్తుకొచ్చి గడ్డపారతో ఆ ఇటుకలు పొడిచి, తర్వాత బక్కయ్య చెంప మీద ఒక్కటిచ్చాడు.

"అది లీకు గాదుర, రిటర్న్! పీల్చి ఇడిసిన గాలి పోయే తొవ్వ. గది మూసినంక కొత్త గాలి ఎట్లొస్తది? వచ్చే గాలిని అందరు చూస్తరు. పోయే గాలిని చూసెటోడే మేస్త్రి."

ఆ మాట బక్కయ్య తన చేతి కింద పనిచేసిన ప్రతివాడికీ చెప్పాడు. ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. ఇరవై రెండు పొక్కలు పుల్లతో కూరుతున్నప్పుడు మాత్రం గుర్తుకు రాలేదు.

ఇంటికి వచ్చి లప్పం తీయబోతే రాలేదు. సూది విరిగింది. గట్టిగా పొడిస్తే వంపు దగ్గర ప్లాస్టిక్ నిలువునా చీలింది. మంచి పని చేశాడు మరి, ఊడుతుందా? ఆ రాత్రి మాస్కు లేదు. గోడకు ఆనుకొని కూర్చునే కునికాడు. ప్రేమమ్మ పక్కన కూర్చొని వేళ్లు మడిచింది. పొద్దున ఆమె ఒక్కటే అన్నది: "సాంబయ్య మామ గూడ గిట్లనే పోయిండు గావచ్చు. మనం పుణ్యాత్ముడన్నం."

మొదటి బస్సుకే మంచిర్యాల పోయాడు. దుకాణం ఇంకా తెరవలేదు. మెట్ల మీద కూర్చున్నాడు. రాజ్‌కుమార్ వచ్చి షట్టరు ఎత్తి, సంచిలోంచి బక్కయ్య తీసిన మాస్కు చూసి, పొక్కల మీద వేలు పెట్టి రాశాడు.

"కాకా... ఎవరు మూసిండ్రు ఇవి?"

"నేనే."

"నువ్విడిసిన గాలి పోయేటియి గివి! మల్ల అదే గాలి పీల్చినవ్ మూడు రాత్రులు. ఎట్ల బతికినవ్?"

"నాకిప్పుడు ఎర్కయింది లే. గని పచ్చమొఖం ఎట్లొచ్చింది?"

రాజ్‌కుమార్ కుర్చీలో కూలబడి చెప్పాడు. ఆ పొక్కల్లోంచి ఎంత గాలి పోవాలో మిషనుకు ముందే తెలుసు. ఆ పాలు తీసేసి, మిగతాదే లీకు అని చూపిస్తుంది. పొక్కలు మూసేసరికి, మూతి పక్కనుంచి పోతున్న గాలినే పొక్కల గాలి అనుకొని మిషను మోసపోయింది. "నువ్వు మూతికాడ తిట్టుకుంట కూసున్న లీకు ఉన్నది సూడు, గదే నిన్ను బతికిచ్చింది. అది గూడ బంద్ చేసి ఉంటె..." అని ఆపేశాడు.

కొత్త వంపు తగిలిస్తూ, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "కాకా, కార్డుల మూడు రోజులు పచ్చగనే పడ్డయి. డాక్టరమ్మకు చెప్పకు. నా నౌకరి గూడ పోతది. ఇగ ముందు మంచిగ పెట్టుకో, గంతే."

బక్కయ్యకు ఆశ లేకపోలేదు. మూడు పచ్చమొఖాలంటే పన్నెండింటిలో పావు వంతు. చెప్పకుండా ఉంటే ఇరవై నాలుగున కార్డు గట్టెక్కుతుందేమో. మాస్కును చేతిలో తిప్పి తిప్పి చూశాడు.

"పైకి నున్నగ ఉండి లోపట బోలు ఉన్న గోడను నేను ఇంతవరకు ఒప్పజెప్పలే పిల్లగా. నీ పేరు చెప్ప. నేను మూసిన, నేనే చెప్పుకుంట."

కరీంనగర్‌కు ఫోను చేసి చెప్పాడు. డాక్టరమ్మ చాలాసేపు తిట్టింది. ఆ మూడు రోజులూ కొట్టేసింది. ఇరవై నాలుగు కుదరదు, కొత్తగా పదిహేను రాత్రులు బాగుంటేనే చూస్తానంది. అంటే నెలాఖరు దాటిపోతుంది. సాయంత్రం లక్ష్మీరాజానికి చెబితే అతను తల దించుకున్నాడు.

"గోడ పని నా చేతుల లేదన్నా. ఒకటో తారీఖు గుత్తెదారు మనుషులు దిగుతరు. ఆపమంటె ఎవరింటరు?"

రెండు రోజులకు మధ్యాహ్నం పూట రాజ్‌కుమార్ తనంతట తానే బెల్లంపల్లి వచ్చాడు. సంచిలో ఒక సైజు చిన్న మాస్కు ఉంది. ఈసారి కుర్చీ వద్దన్నాడు. "నీ మంచం మీద, నీ మెత్త మీద, నువ్వెట్ల పండుకుంటవో అట్లనే పండుకో. మిషను నడవనియ్. అప్పుడు సూద్దాం."

బక్కయ్య పక్కకు తిరిగి పడుకున్నాడు. మీసం దగ్గర గాలి తన్నుకొచ్చింది. రాజ్‌కుమార్ మీసం వైపు చూసి, తన పై పెదవి తడుముకున్నాడు. బక్కయ్యే లేచి అద్దం దగ్గరికి పోయి గీసేసుకొచ్చాడు. ముప్పై ఏళ్ల మీసం. ప్రేమమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నవ్వకే."

"నవ్వుతలేనయ్యా. పెండ్లిల ఎవలను చేసుకున్ననో ఇయ్యాల ఎర్కయితుంది."

మళ్లీ పడుకున్నాడు. ఇప్పుడు కంటి కింద సన్నగా కారుతోంది. రాజ్‌కుమార్ పట్టీ బిగించబోయాడు. బక్కయ్య అతని మణికట్టు పట్టుకున్నాడు. మాస్కు చుట్టూ ఉన్న మెత్తటి అంచును వేలితో తడుముతున్నాడు. పలుచటి రబ్బరు, రెండు పొరలు. బిగించినప్పుడల్లా ఆ పొర మడతపడుతోంది. మడత పడ్డ చోటే సందు.

బ్రాటిస్ గుడ్డను కొత్తవాళ్లు ఎప్పుడూ లాగి, నిటారుగా కొడతారు. అట్లా కొడితే మూలలు లేస్తాయి, గాలి మూలల్లోంచి దొంగలా పోతుంది. గుడ్డను కొంచెం వదులుగా వదలాలి. గాలే దాన్ని నెట్టి గోడకు అతికిస్తుంది.

రెండు పట్టీలూ వదులు చేశాడు. మాస్కును ముఖం మీదినుంచి అంగుళం పైకెత్తాడు. గాలికి రబ్బరు పొర ఉబ్బింది. అట్లా ఉబ్బినదాన్ని మెల్లగా ముఖం మీదికి దించి, వేలు పట్టేంత వదులుగా పట్టీలు ఆనించాడు. బుస ఆగిపోయింది. వంపు దగ్గర చెయ్యి పెట్టి చూసుకున్నాడు. ఇరవై రెండు పొక్కల్లోంచీ గాలి పోతోంది. పోవాలి.

"మా పుస్తకంల గిట్లనే రాసుంటది కాకా," అన్నాడు రాజ్‌కుమార్ నేల చూస్తూ. "నేనే ఎన్నడు చేసి చూపియ్యలే."

"ఇగ చూపియ్యి. పండుకోబెట్టి చూపియ్యి."

ప్రేమమ్మ పాత మెత్తటి ధోవతి చింపి, ముక్కు దూలం మీద పుండుకు ఒరుసుకోకుండా సన్నటి పట్టీ కుట్టింది. కొబ్బరినూనె సీసా అటక మీదికి పోయింది. అయినా మొదటి రాత్రి ఎర్రమొఖమే. రెండో రాత్రి కూడా. నాలుగో రాత్రి పచ్చగా వచ్చినప్పుడు బక్కయ్య దాన్ని నమ్మలేదు. కణతలు తడుముకున్నాడు. నొప్పి లేదు. అప్పుడు నమ్మాడు. ఆ రాత్రితో కలిపి పదిహేను పచ్చగా నిండాక కార్డు తీసుకొని కరీంనగర్ పోతే డాక్టరమ్మ తెర మీద అన్నీ చూసి, పగటి షిఫ్టు మాత్రమే, ఒంటరిగా వద్దు, నెలకోసారి కార్డు చూపాలి అని రాసిచ్చింది.

కాగితం తెచ్చేసరికి ఆరో తారీఖు. గోడ సగం లేచింది. గుత్తెదారు మనుషులది. లక్ష్మీరాజం ఎవరితో ఏం మాట్లాడాడో గానీ, మిగతా సగానికి బక్కయ్యను దించాడు. వాళ్లు కట్టిన సగం ముందు బక్కయ్య కూర్చొని తడిచేయి ఆనించాడు. గోడ కొస దూరేలా పక్క బండను సరిగా తొలవలేదు. కింది వరుసలో మూడు చోట్ల చేయి చల్లబడింది. ఆ గోడను పూర్తిగా విప్పే గడువు అతనికి ఇవ్వలేదు. పై రెండు వరుసలు మాత్రం విప్పి, కింది సందులన్నీ గీకి, సిమెంటు ఎక్కించాడు. మూడు రోజులు పట్టింది. పక్కన మనిషి లేకుండా ఒక్క నిమిషం కూడా లక్ష్మీరాజం వదల్లేదు. మధ్యలో ఒకసారి నీళ్లు తాగడానికి తట్ట పక్కన కూర్చుంటే, "అన్నా?" అని ల్యాంపు మొహం మీద వేసి చూశాడు.

"మేల్కునే ఉన్న సార్. జర దింపు గా లైటు."

మూసేసిన బావిలో కూడా ఒక పైపు వదులుతారు, లోపలి గాలిని అప్పుడప్పుడు పరీక్షించడానికి. ఛాతీ ఎత్తున బక్కయ్య దాన్ని గోడలో పెట్టాడు, లోపలి కొన కాస్త పైకి ఉండేలా, నీళ్లు నిలవకుండా. దాని చుట్టూ మూడుసార్లు సిమెంటు రాశాడు. కప్పుకు ఆనే ఆఖరి ఇటుక సుత్తి పిడితో తట్టి ఎక్కించి, సందు నింపి, తాపీ కడిగాడు. గోడకు తగిలించిన పలక మీద సుద్దతో తారీఖు రాసి, కింద గోడ నంబరు రాశాడు.

లక్ష్మీరాజం చేయి తడుపుకొని నాలుగు అంచులూ చూశాడు. కింది వరుస దగ్గర ఆగి, మళ్లీ చూశాడు.

"లేదన్నా. ఎక్కడ లేదు."

బక్కయ్య పైపు కొనకున్న వాల్వు తిప్పాడు. లోపలినుంచి సన్నటి ఊపిరి లాంటిది చేతికి తగిలింది. మళ్లీ తిప్పి మూశాడు. బిగించలేదు, చాలినంతే తిప్పాడు. తిప్పే చావి తీసి, లుంగీ గుడ్డతో తుడిచి, లక్ష్మీరాజం చేతిలో పెట్టాడు.